ఇంటి నుంచే షుగరు వైద్యం: పంపిన అంకెకు బదులు ఎవరిస్తారు?

సంధ్యారాగం | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్ళు. పదహారేళ్ళుగా టైప్ 2 మధుమేహం. రెండు రకాల మాత్రలు, రాత్రి పూట ఒక ఇన్సులిన్ సూది. మొదటి నుంచీ చూస్తున్న డాక్టరు దగ్గరికి పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. అక్కడ గంటన్నర కూర్చుంటే పది నిమిషాలు మాట్లాడతారు. పోయినసారి తిరుగు ప్రయాణంలో అమ్మ షుగరు 62కి పడిపోయింది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. బండి ఆపి గ్లూకోజు ఇచ్చాను. అప్పటి నుంచి ఆ ప్రయాణమంటేనే నాకు భయం పట్టుకుంది.

ఇప్పుడు ఆ డాక్టరు గారే ఒక మాట అన్నారు. ఇంట్లో షుగరు, బీపీ చూసి పంపితే నెలకోసారి వీడియోలో మాట్లాడతామని, ఆరు నెలలకోసారి మాత్రం నేరుగా రావాలని. అమ్మకు సంతోషమే. నాకే మనసు ఒప్పుకోవడం లేదు. చెయ్యి పట్టి చూడకుండా మందు మార్చడం సరైనదేనా? ఇలా వైద్యం చేయించుకుంటున్నవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.

ఉదయపు నడక | సోమవారం, రాత్రి 10:35

సంధ్యారాగం గారూ, నాకు మధుమేహం వచ్చి తొమ్మిదేళ్ళు. దూరవైద్యం రెండు చోట్ల చేయించుకున్నాను. రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

మొదటి చోట ఫోనులో ఒక యాప్ పెట్టించారు. రోజూ పరగడుపున వేలు పొడుచుకుని అంకె నమోదు చేసేవాణ్ణి. వెంటనే “ధన్యవాదాలు, మీ వివరాలు అందాయి” అని వచ్చేది. 170 పంపినా అదే మాట, 240 పంపినా అదే మాట. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా పంపాను. మందు మారలేదు, ఎవరూ ఫోను చేయలేదు. ఆరు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయిస్తే 8.4 ఉన్నది 8.6 అయింది. అన్ని రోజులు వేళ్ళు పొడుచుకున్నది ఎవరి కోసమో అర్థం కాక ఏడుపు వచ్చింది.

రెండో చోట యాప్ లేదు. మామూలు ఫోనే. ప్రతి మంగళవారం ఒక నర్సు గారు చేస్తారు. వారం అంకెలు చదివి వినిపిస్తాను. ఆమె రాసుకుని డాక్టరుకు చూపిస్తారు. మార్పు ఏమైనా ఉంటే మర్నాడు మధ్యాహ్నంలోపు చెబుతారు. మొదటి మూడు నెలల్లో నా మోతాదు మూడుసార్లు మారింది. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 7.2.

కాబట్టి మీరు ముందుగా అడగవలసింది “వీడియో బాగుంటుందా” అని కాదు. “మా అమ్మ అంకెలు ఏ రోజు, ఎవరు చూస్తారు? చూసి ఎప్పటిలోగా బదులిస్తారు?” అని అడగండి. పేరుతో సహా చెప్పించుకోండి.

వసుధ, మధుమేహ శిక్షకురాలు | మంగళవారం, ఉదయం 6:50

ఉదయపు నడక గారు చెప్పింది అక్షరాలా నిజం. పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, రోజులో సగం ఫోను మీదే గడుస్తుంది. నేను చూసినవి కొన్ని చెబుతాను.

మాకు వచ్చే అంకెల్లో మొదటి ఇబ్బంది గ్లూకోమీటరు గడియారం. చాలామంది ఇళ్ళలో అది తప్పు సమయం చూపిస్తుంటుంది. బ్యాటరీ మార్చాక ఎవరూ సరిచేయరు. మీటరు నుంచి అంకెలు నేరుగా మాకు చేరినప్పుడు రాత్రి భోజనం తర్వాతి 210 మాకు పరగడుపు 210గా కనిపిస్తుంది. దాన్ని నమ్మి రాత్రి ఇన్సులిన్ పెంచితే తెల్లవారుజామున షుగరు పడిపోతుంది. అందుకే కొత్తవారితో మాట్లాడేటప్పుడు నా మొదటి ప్రశ్న “మీ మీటరులో ఇప్పుడు టైము ఎంత?”

రెండోది చేతులు. పండు ఒలిచిన చేత్తో వేలు పొడిస్తే ఆ తీపి కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే చూడాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి. ఎంత మంచి మీటరైనా ల్యాబు ఫలితానికి 15 శాతం అటూ ఇటూ చూపడం మామూలే. 142, 151 మధ్య తేడా చూసి బెంగపడకండి.

మూడోది, రోజూ ఒకే వేళకు చూసుకోవడం. పరగడుపు అంకె ఒక్కటే పంపితే పగలంతా ఏం జరుగుతోందో మాకు తెలియదు. మేము జంటగా అడుగుతాం. ఒక భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఇంకోసారి. ఈరోజు ఉదయం, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి రాత్రి, ఇలా మారుస్తూ పోతే తక్కువ స్ట్రిప్పులతోనే ఏ పూట షుగరు ఎగబాకుతోందో తేలిపోతుంది. పక్కన ఒక్క ముక్క రాయండి చాలు: “జ్వరం”, “నిద్ర లేదు”, “మాత్ర మరిచాను”. అంకె కన్నా ఆ ముక్కే ఎక్కువ చెప్పిన రోజులు ఉన్నాయి.

ఇక వీడియో గురించి. ఆసుపత్రిలో ఎన్నడూ కనిపించనిది వీడియోలో కనిపిస్తుంది: మీ ఇల్లు. “మందులు ఎక్కడ పెట్టుకుంటారో ఒకసారి చూపించండి” అంటాను. ఒక పెద్దాయన పెట్టెలో ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంది. ఇద్దరు డాక్టర్లు రాశారు, ఆయన రెండూ వేసుకుంటున్నారు. ఇంకో ఇంట్లో ఇన్సులిన్ ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరను ఆనుకుని ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఆ ఇంటావిడ నెల రోజులుగా అదే వేసుకుంటూ, షుగరు తగ్గక, తిండి మానేసి నీరసించిపోయింది. నేరుగా వచ్చి ఉంటే మేము మోతాదు పెంచి పంపేవాళ్ళమే.

తీరం | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఇదంతా చదువుతుంటే నా గుండె మండుతోంది. మా నాన్నను ఏడాదిన్నర ఇలాగే ఫోనులో చూశారు. షుగరు అంకెలు చక్కగా ఉన్నాయి. ప్రతిసారీ “బాగుంది, ఇలాగే కొనసాగించండి” అన్నారు. పాదాలు ఒక్కసారి కూడా చూడలేదు. చూపించమని అడగలేదు. నాన్నకు స్పర్శ ఎప్పుడో పోయింది, నొప్పి తెలియదు కాబట్టి ఆయనా చెప్పలేదు. ఇంట్లో వాసన వచ్చి మేము చూసేసరికి బొటనవేలి కింద పుండు ఎముక దాకా వెళ్ళింది. రెండు వేళ్ళు తీసేశారు.

సంధ్యారాగం గారూ, మీ మనసు ఒప్పుకోకపోవడంలో తప్పేమీ లేదు. తెర మీద ముఖం కనిపిస్తుంది కానీ పాదం కనిపించదు.

వైద్యమిత్ర | మంగళవారం, రాత్రి 11:20

తీరం గారూ, మీ నాన్నగారికి జరిగింది జరగకూడనిది. నేను మధుమేహ వైద్యుణ్ణి. నా రోగుల్లో చాలామందిని దూరం నుంచే చూస్తాను. అయినా మీ మాటను కాదనను. ఏడాదిన్నర పాదాలు చూడకపోవడాన్ని ఏ పద్ధతీ సమర్థించదు. ఏటా కనీసం ఒకసారి ఎవరైనా పాదాన్ని చేతిలోకి తీసుకుని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో స్పర్శ చూసి, నాడి తాకి చూడాలి. స్పర్శ తగ్గినవారికైతే ఇంకా తరచుగా. ఆ పని తెర మీద కాదు.

ఆ మధ్యలో ఇంట్లోవారు చేయగల పరీక్ష ఒకటుంది. నేను అందరి ఇళ్ళలోనూ నేర్పిస్తాను. రోగి కళ్ళు మూసుకుని పడుకోవాలి. మీరు చూపుడువేలి కొనతో కాలి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను ఒక్కొక్కటిగా తాకాలి. రెండు పాదాలకూ కలిపి ఆరు చోట్ల. ఒకటి రెండు క్షణాలు, ఈక తగిలినట్టుగా తాకాలి. నొక్కకూడదు, తట్టకూడదు. తగిలినప్పుడు “కుడి”, “ఎడమ” అని వారు చెప్పాలి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే, వెంటనే నేరుగా చూపించాలి. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో ఒక వైద్యబృందం దీన్ని రూపొందించి 2011లో ప్రచురించింది. ఖర్చేమీ లేదు, రెండు నిమిషాల పని. ఇంకొకటి: రెండు పాదాల్లో ఒకే చోట వేడి పోల్చినప్పుడు తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటి, అది తగ్గకుండా ఉంటే, పుండు పడబోయే ముందు వాపు మొదలైందని అనుమానించాలి. థర్మామీటరు లేకపోయినా అరచేతి వెనక భాగంతో పోల్చి చూడవచ్చు. అంత కచ్చితంగా తెలియకపోయినా ఒక పాదం ఎక్కువ వేడిగా ఉంటే చెప్పండి.

సంధ్యారాగం గారి అసలు ప్రశ్న, చూడకుండా మందు మార్చవచ్చా అన్నది. మధుమేహంలో చాలా నిర్ణయాలు అంకెలను బట్టే తీసుకుంటాం, మీరు నా ఎదుట కూర్చున్నా సరే. ఉదాహరణకు రాత్రి ఇన్సులిన్ 10 యూనిట్లతో మొదలుపెట్టి, పరగడుపు షుగరు లక్ష్యానికి వచ్చేవరకు మూడు రోజులకోసారి 2 యూనిట్లు పెంచడం మేము వాడే పద్ధతుల్లో ఒకటి. ఒకరికి 26 యూనిట్లు అవసరమనుకోండి. వెంట ఉండి చూసేవారు ఉంటే 24 రోజుల్లో అక్కడికి చేరుకుంటారు. అదే మనిషి మూడు నెలలకోసారి మాత్రమే వస్తూ, వచ్చినప్పుడల్లా 4 యూనిట్లు పెంచుకుంటే ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా కళ్ళు, మూత్రపిండాలు ఎక్కువ షుగరులో నానుతూ ఉంటాయి. దూరవైద్యం మీద నాకు ఆశ ఉన్నది ఇందుకే. (ఎవరూ దీన్ని చదివి సొంతంగా పెంచుకోవద్దు. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు తగ్గించాలో మీ డాక్టరు రాసి ఇవ్వాలి.)

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2000లో ఐడియాటెల్ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. వైద్యం అంతగా అందని ప్రాంతాల్లోని 1,665 మంది వృద్ధులను ఎంచుకున్నారు. సగం మంది ఇళ్ళలో యంత్రం పెట్టి, నర్సులు వీడియోలో మాట్లాడుతూ షుగరు, బీపీ చూస్తూ వచ్చారు. ఐదేళ్ళ తర్వాత మామూలు వైద్యం అందినవారితో పోలిస్తే హెచ్‌బీఏ1సీ 0.29 పాయింట్లు, పై బీపీ నాలుగు పాయింట్ల పైచిలుకు తక్కువగా ఉన్నాయి. అద్భుతం కాదు, కానీ నిజమైన మేలు.

దీని పక్కన 2017లో వెలువడిన ఇంకో అధ్యయనం పెట్టి చూడండి. ఇన్సులిన్ వాడని 450 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఇంట్లో షుగరు చూసుకోలేదు. ఒక గుంపు రోజుకోసారి చూసుకుంది. మూడో గుంపుకు మీటరే అంకెను బట్టి సందేశాలు పంపింది. ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీలో మూడు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉదయపు నడక గారి మొదటి ఆరు నెలలు నాకు ఇందులోనే కనిపిస్తున్నాయి. యంత్రం పలకరిస్తే షుగరు తగ్గదు. మనిషి చూసి మందో, తిండో, అలవాటో మార్చాలి.

వెలుగు నీడ | బుధవారం, ఉదయం 8:05

మా నాన్నకు స్మార్ట్‌ఫోను పట్టుకోవడమే రాదు. వినికిడి కూడా తక్కువ. ఆయనకు ఇవన్నీ కుదురుతాయా?

వసుధ, మధుమేహ శిక్షకురాలు | బుధవారం, ఉదయం 8:40

కుదురుతాయి. నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయించండి, వారానికోసారి ఎవరైనా ఆ పేజీని ఫోటో తీసి పంపితే చాలు. మాట్లాడేటప్పుడు మీరు పక్కనే ఉండండి, కానీ ఆయన బదులు మీరు జవాబు చెప్పకండి. చెప్పిన మార్పును ఆయన చేతే తిరిగి చెప్పించండి. “రేపటి నుంచి రాత్రి ఎన్ని యూనిట్లు?” అంటే అంకె ఆయన నోటి నుంచే రావాలి. ఇంగ్లీషులో చెబితే సిక్స్‌టీన్, సిక్స్‌టీ ఫోనులో ఒకేలా వినిపించే ప్రమాదం ఉంది. అందుకే మేము ఏ మార్పునైనా రాతలో కూడా పంపుతాం.

కొత్త దారి | బుధవారం, రాత్రి 9:55

నేను రెండు నెలలుగా చేతికి, రాత్రీ పగలూ షుగరు కొలిచే సెన్సరు పెట్టుకుంటున్నాను. డాక్టరు తన కంప్యూటర్‌లో నా గీతను చూస్తారు. పగలు చాలా ఉపయోగంగా ఉంది. కానీ రాత్రి రెండింటికి 58 అని అలారం మోగుతుంది, లేచి వేలు పొడిస్తే 104. నిద్ర లేదు, భార్యకూ నిద్ర లేదు. తీసిపారేద్దామా అనిపిస్తోంది.

వైద్యమిత్ర | బుధవారం, రాత్రి 10:40

తీసేయకండి. ఆ చేతి మీదకే ఒత్తిగిలి పడుకుంటున్నారా? సెన్సరు కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. పైన బరువు పడితే అక్కడికి ద్రవం సరిగా చేరక అంకె అబద్ధంగా పడిపోతుంది, పక్కకు తిరగగానే లేస్తుంది. తర్వాతి సెన్సరు రెండో చేతికి పెట్టించుకుని చూడండి. ఒంట్లో లక్షణాలకూ అంకెకూ పొంతన లేనప్పుడు మీరు చేసినట్టే వేలు పొడిచి నిర్ధారించుకోవాలి. షుగరు వేగంగా మారుతున్నప్పుడు కూడా సెన్సరు రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది.

మీ డాక్టరు ఒక్కొక్క అంకెను కాదు, 14 రోజుల గీతను మొత్తంగా చూస్తారు. 70 నుంచి 180 మధ్య రోజులో 70 శాతం సమయం ఉంటే చాలామందికి మంచి అదుపు. 70 కన్నా కింద 4 శాతం మించకూడదు. వయసు పైబడి, షుగరు పడిపోయే ప్రమాదం ఉన్నవారికి ఈ హద్దులు వేరు. సంధ్యారాగం గారూ, మీ అమ్మగారికి ఒకసారి 62కి వచ్చిందన్నారు. ఆమె వయసుకు, ఆమె ఆరోగ్యానికి లక్ష్యం ఎంత ఉండాలో ముందుగా తేల్చుకోండి. హెచ్‌బీఏ1సీ అందరికీ 7 అక్కర్లేదు. ఇతర జబ్బులు ఎక్కువగా ఉన్న పెద్దవారికి 8 లోపు ఉంటే చాలనుకుంటాం.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆగని వాంతులు, ఆయాసం, తికమకగా మాట్లాడడం, ఛాతీ నొప్పి, పాదం నల్లబడడం, వీటిలో ఏది ఉన్నా వీడియో కోసం వేచి ఉండకండి, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళండి. మూత్రంలోకి చక్కెరను పంపే రకం మాత్రలు వేసుకునేవారు వాంతులు, విరేచనాలతో తిండి తినలేని రోజున ఏం చేయాలో డాక్టరు దగ్గర ముందే రాయించుకోండి. ఆ మందులతో అంకె మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు.

ఉదయపు నడక | గురువారం, ఉదయం 7:15

కళ్ళ పరీక్ష సంగతి ఎవరూ అనలేదు. నాకు దగ్గరలోని చిన్న కేంద్రంలోనే యంత్రంతో రెటీనా ఫోటో తీస్తారు, దూరంగా ఉన్న కంటి వైద్యుడు చూసి చెబుతారు. ఏడాదికోసారి. కన్ను బాగానే కనిపిస్తోందని మానేయకండి, వెనక దెబ్బతిన్నా చాలాకాలం తెలియదు.

సంధ్యారాగం | ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

మీ అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. ఏం జరిగిందో చెప్పకపోతే మీకు బాకీ పడినట్టు ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒకసారి నేరుగా వెళ్ళాం. అక్కడి నర్సు గారు అమ్మ పొట్టను వేళ్ళతో తడిమి చూసి, బొడ్డుకు కుడి పక్కన మెత్తటి గడ్డ ఉందన్నారు. పైకి ఏమీ కనిపించదు, నేనూ తాకి చూశాను, తెలిసింది. అక్కడ సూది నొప్పి పుట్టదని అమ్మ ఏళ్ళ తరబడి అదే చోట వేసుకుంటోంది. అలాంటి చోట ఇన్సులిన్ ఒకరోజు ఆగిపోతుందట, ఒకరోజు ఒక్కసారిగా దిగుతుందట. ఒక ఉదయం 190, మరో ఉదయం 80 ఎందుకు వచ్చేవో అప్పుడు అర్థమైంది. చోటు మార్చమన్నారు, కొత్త చోట బాగా పనిచేస్తుందని మోతాదును 22 నుంచి 18కి తగ్గించారు. ఇది వీడియోలో ఎప్పటికీ తేలేది కాదు.

ఆ తర్వాతి నెలంతా ఇంటి నుంచే. నేను రాయించుకున్నది ఒక్క కాగితం: ప్రతి శుక్రవారం అంకెలు పంపాలి, ఫలానా నర్సు గారు చూస్తారు, శనివారంలోగా బదులు వస్తుంది, రాకపోతే చేయవలసిన ఫోను నంబరు ఇది, 70 కన్నా తగ్గినా 300 దాటినా ఆ రోజే చేయాలి. రెండో శనివారం బదులు రాలేదు, నేనే చేశాను. ఆమె సెలవులో ఉన్నారట. ఇప్పుడు ఇంకో పేరు కూడా రాయించాను.

అమ్మ పరగడుపు ఇప్పుడు 110 నుంచి 140 మధ్య ఉంటోంది. ఒక్కసారి కూడా 70 కిందికి రాలేదు. ఇంట్లో కూర్చుని మాట్లాడితే అమ్మ ఎన్నడూ అడగనివి అడుగుతోంది. రాత్రుళ్ళు కాళ్ళ మంటల సంగతి మొన్నటి వరకు నాకు కూడా చెప్పలేదు.

వైద్యమిత్ర గారు చెప్పిన పరీక్ష ప్రతి ఆదివారం చేస్తున్నాను. ఈరోజు ఆరు వేళ్ళలో నాలుగింటికే అమ్మ పలికింది. ఎడమ చిటికెనవేలు, మధ్యవేలు తెలియలేదు. రెండుసార్లు చేశాను. ఫోను చేస్తే, రమ్మన్నారు. ఎల్లుండి బయలుదేరుతున్నాం. ఆ నాలుగు గంటల ప్రయాణానికి ఈసారి భయం లేదు, మధ్యలో రెండుసార్లు ఆగి షుగరు చూస్తాను.

తీరం | ఆదివారం, రాత్రి 7:02

సంధ్యారాగం గారూ, అమ్మగారు రోజూ వేసుకునే చెప్పులు, బూట్లు అన్నీ వెంట తీసుకెళ్ళండి. వాటి లోపల చెయ్యి పెట్టి చూడమని అడగండి. మా నాన్న చెప్పులోంచి పొడుచుకొచ్చిన మేకు మొనను మేము వేళ్ళు తీసేశాక చూశాం.